ఊరు పట్టణంలో కలిస్తే పొలం ఇంటిస్థలం అవుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారి నుంచి ఈ విడత అందిన ఉత్తరాలు చాలావరకు హద్దుల గురించినవే. పదిమందికి పనికివచ్చే ఆరింటిని ఎంచుకున్నాము. రాసినవారి కోరిక మీద పేర్లు, ప్లాటు నంబర్లు తీసివేశాము.

ప్రశ్న: మా నాన్నగారు బరంపురం పొలిమేరలోని ఒక గ్రామంలో పదేళ్ళ కిందట నాలుగు గుంటల స్థలం కొన్నారు. ఇల్లు కట్టుకుందామని పట్టా తీసి చూస్తే అందులో ‘శారద’ అని ఉంది. ఆ గ్రామం త్వరలో నగరపాలక సంస్థలో కలుస్తుందని, కలిస్తే దానంతట అదే ఇంటిస్థలం అయిపోతుందని, అంతవరకు ఆగమని మధ్యవర్తి చెబుతున్నారు. ఇది నిజమేనా? నాలుగు గుంటలంటే పది సెంట్లే కదా అని కరీంనగర్‌లో ఉండే మా బావగారు అంటున్నారు. ఆ సంగతి కూడా చెప్పగలరు.
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: నిజం కాదు. మధ్యవర్తి మాట నమ్మి ఆగితే, చుట్టూ మేడలు లేచి, వీధిదీపాలు వెలిగి, మీరు నగరపాలక సంస్థకు పన్ను కడుతున్నా సరే, రికార్డులో మాత్రం ఆ స్థలం వరిపొలంగానే ఉండిపోతుంది. పట్టణాల నడుమ అలా శారదగానే నడుస్తున్న ప్లాట్లు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు.

ఒకే నేల మీద మూడు గీతలు ఉంటాయి, వాటిని గీసే చేతులు వేరు. మొదటిది పాలనా హద్దు. మీ ఊరు పంచాయతీలో ఉందా, పురపాలికలో ఉందా అనేది రాష్ట్ర ప్రభుత్వం 1950 నాటి ఒడిశా పురపాలక చట్టం కింద, నగరాల విషయంలో 2003 నాటి నగరపాలక సంస్థల చట్టం కింద నిర్ణయిస్తుంది. రెండోది ప్లానులోని జోను. అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే మనం వాడుకలో డెవలప్‌మెంట్ అథారిటీ అనేది, 1982 నాటి చట్టం ప్రకారం ఎక్కడ నివాసాలు, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ పరిశ్రమలు, ఎక్కడ ఖాళీ జాగా అని పటం మీద రంగులు వేసి చూపిస్తుంది. మూడోది రెవెన్యూ రికార్డులోని కిసం. శారద అంటే ఖరీఫు వరి పండే భూమి, ఘరబారి అంటే ఇంటిస్థలం, గోచర్ అంటే పశువుల మేతబయలు. ఈ కిసాన్ని మార్చే అధికారం నగరపాలక సంస్థకూ లేదు, అథారిటీకీ లేదు. 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8-ఎ సెక్షను కింద మీరు తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకుని, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) విచారణ అయ్యాక, నిర్ణయించిన ప్రీమియం కడితేనే అది మారుతుంది. మొదటి గీత జరిగినంత మాత్రాన మూడోది జరగదు.

మరొక మాట. అథారిటీ పరిధి చాలాచోట్ల నగరపాలక సంస్థ పరిధికంటే పెద్దదిగా ఉంటుంది. మీ గ్రామం ఇప్పటికీ పంచాయతీలోనే ఉన్నా, జోను నియమాలు దానికి ఎప్పటినుంచో వర్తిస్తూ ఉండవచ్చు. అందువల్ల పనులు చేసే వరుస ముఖ్యం: ముందు అథారిటీ కార్యాలయంలో మీ మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాటు నంబర్లు ఇచ్చి ఆ చోటు ఏ జోనులో ఉందో రాతపూర్వకంగా తెలుసుకోండి, అది నివాస జోను అయితేనే 8-ఎ కేసు వేయండి, ఆ తర్వాతే ఇంటి ప్లాను మాట. చాలామంది తలకిందులుగా మొదలుపెట్టి, ముందు ప్రీమియం కట్టేసి, తర్వాత తమ ప్లాటు మీదుగా రోడ్డు గీత పోతోందని తెలిసి తలపట్టుకుంటారు.

మీరు పంపిన నకలు చూశాను. పట్టా ఇంకా అమ్మినవారి పేరు మీదే ఉంది, అంటే మీ నాన్నగారు రిజిస్ట్రేషను చేయించుకున్నారు గాని మ్యుటేషను, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించలేదు. రికార్డులో రైతు ఎవరో వారే 8-ఎ దరఖాస్తు పెట్టాలి కనుక మొదటి పని అది. రెండోది, ఒడియా లిపి చదవడం రాక మీరు గమనించలేదేమో, ఆ ఖాతాలో ఉన్నది పెద్ద ప్లాటు, మీది అందులో ఒక ముక్క మాత్రమే. అమీను, అంటే భూమి కొలిచే సర్వేయరు, చేత కొలిపించి, మీ భాగానికి విడిగా ప్లాటు నంబరు పడేలా చూసుకోండి.

ఇక గుంటల సంగతి. మీ బావగారు తెలంగాణ లెక్కలో తప్పు చెప్పలేదు. అక్కడ, మహారాష్ట్రలో కూడా, ఎకరానికి నలభై గుంటలు, గుంట 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో ఎకరానికి ఇరవై అయిదు గుంటలే, గుంట 1,742 చదరపు అడుగులకు కొంచెం పైన. మీ నాలుగు గుంటలు ఇక్కడి లెక్కలో పదహారు డెసిమల్స్. ఆంధ్రలో మనం సెంటు అనేదీ, ఒడిశాలో డెసిమల్ అనేదీ ఒకటే, 435.6 చదరపు అడుగులు. వియ్యాలవారి మధ్య స్థలాల బేరాలు జరిగేటప్పుడు గుంట మాట పక్కన పెట్టి డెసిమల్స్‌లోనే మాట్లాడుకోవడం మేలు.

ప్రశ్న: మా పట్టణానికి తయారైన ముసాయిదా ప్లానులో మా ఇంటి పెరటి మీదుగా అరవై అడుగుల రోడ్డు చూపించారు. మా అత్తగారి కాలం నుంచి ఉన్న ఇల్లు ఇది. ఇప్పుడే ఖాళీ చేయాలా? అభ్యంతరం చెబితే వింటారా?
– ఒక పాఠకురాలు, గంజాం జిల్లా

జవాబు: ఖాళీ చేయనక్కర లేదు. ప్లాను మీద గీత పడటం వేరు, భూసేకరణ వేరు. రోడ్డు కోసం మీ పెరడు తీసుకోవాలంటే 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నోటీసు, విచారణ, పరిహారం అన్నీ జరగాలి. లేదా మీ ఒప్పుదలతో కొనాలి. అంతవరకు యాజమాన్యం మీదే. అయితే ఆ ప్లాను ఖరారైతే ఆ గీత లోపల కొత్తగా గోడ లేపడానికి గాని, మేడ వేయడానికి గాని అనుమతి రాదు. స్థలం మీదేగాని, దానిని వాడుకోలేరు. ఈ చిక్కు ఏళ్ళ తరబడి సాగగలదు. మహారాష్ట్రలో 1966 నాటి ప్రాంతీయ, పట్టణ ప్రణాళిక చట్టం దీనికి ఒక దారి చూపింది: ప్లాను ఖరారైన పదేళ్ళలో రిజర్వు చేసిన స్థలాన్ని సేకరించకపోతే యజమాని నోటీసు ఇవ్వవచ్చు, ఆ తర్వాత ఇరవై నాలుగు నెలల్లో కూడా చర్య మొదలుకాకపోతే రిజర్వేషను రద్దయిపోతుంది. చంద్రపూర్, నాందేడ్ పాఠకులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. మీరు గంజాంలో ఉన్నారు కనుక ముసాయిదా దశలోనే మేలుకోవాలి.

అభ్యంతరం వింటారా అంటే, రాసిన తీరును బట్టి వింటారు. ముసాయిదా పటాన్ని కార్యాలయం గోడకు తగిలించిన రోజు జనం దాని ముందు నిలబడి వేలితో తమ ఇల్లు వెతుక్కోవడం నేను చూశాను. 1:10,000 స్కేలు పటంలో మిల్లీమీటరు మందం ఉన్న గీత నేల మీద పది మీటర్లతో సమానం. ఆ పటం చూసి మా పెరడు పోయిందని గాని, పోలేదని గాని ఎవరూ తేల్చలేరు. కనుక మీ మౌజా పటం నకలు తీసుకుని, దాని మీద ప్రతిపాదిత రోడ్డును అమీను చేత వేయించి, మీ ప్లాటులో ఎన్ని డెసిమల్స్ పోతున్నాయో లెక్క కట్టించండి. ‘ఈ ప్లాను మాకు వద్దు’ అని వందమంది సంతకాలు చేసిన కాగితం కంటే, ‘ఫలానా ప్లాటు దగ్గర గీతను పన్నెండు అడుగులు తూర్పుకు జరిపితే ప్రభుత్వ అనాబాది (సాగులో లేని) భూమి మీదుగా పోతుంది, ఏ ఇల్లూ పోదు’ అని కొలతలతో ఒక్కరు రాసిన అర్జీకే విలువ ఎక్కువ. ఆ అనాబాది భూమి చెరువు గట్టో, మేతబయలో కాకుండా చూసుకోండి. లేకపోతే మీ పెరడు కాపాడుకోబోయి ఊరి చెరువును పోగొట్టినవారవుతారు. అర్జీ ఇచ్చి, తేదీతో ముద్ర వేసిన రసీదు తప్పక తీసుకోండి. గడువు ప్రకటనలోనే ఉంటుంది. అది దాటాక ఇచ్చిన అర్జీని పట్టించుకోవలసిన బాధ్యత వారికి లేదు.

ప్రశ్న: ఇలాంటి అభ్యంతరాలు తెలుగులో రాయవచ్చా? నాకు ఒడియా మాట్లాడటం వచ్చుగాని రాయడం రాదు.
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: రాయవచ్చు. తన కష్టం చెప్పుకుంటూ కేంద్రంలోని గాని రాష్ట్రంలోని గాని ఏ అధికారికైనా, ఆ కేంద్రంలో లేదా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. తెలుగు ఒడిశాలో వాడుకలో ఉన్న భాష కాదని గుణుపురంలో కూర్చుని ఎవరూ అనలేరు. జవాబు కూడా తెలుగులోనే రావాలని మాత్రం ఆ అధికరణం అనలేదు. ఆచరణలో చేయదగ్గది ఏమిటంటే, తెలుగు అర్జీకి ఒడియా అనువాదం జత చేసి, రెండింటి మీదా సంతకం పెట్టడం. మౌజా, ఖాతా, ప్లాటు, కిసం, విస్తీర్ణం మాత్రం పట్టాలో ఉన్నవి ఉన్నట్టు ఒడియాలోనే ఎక్కించండి. పేర్లు తెలుగులోకి వచ్చేటప్పుడు ఒక అక్షరం మారి, ఊరు పేరే వేరైపోయిన అర్జీలు లేకపోలేదు.

ప్రశ్న: మా పంచాయతీ గోసాని బ్లాకులో, పర్లాకిమిడి పట్టణానికి ఆనుకుని ఉంది. పట్టణంలో కలుపుతారన్న మాట ప్రతి ఎన్నికల ముందూ వినిపిస్తుంది. కలిస్తే పన్నులు పెరుగుతాయని, ఉపాధి హామీ పని పోతుందని ఊళ్ళో భయం. పల్లీసభలో వద్దని తీర్మానం చేస్తే ఆగుతుందా?
– ఒక వార్డు సభ్యుడు, గజపతి జిల్లా

జవాబు: తీర్మానం చేయండి. కాని అదొక్కటే ఆపుతుందని అనుకోకండి. పల్లెటూరు, పట్టణం, రెండింటి మధ్య మారుతున్న ప్రాంతం ఏది అన్నది జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం చూసి గవర్నరు ప్రకటిస్తారని రాజ్యాంగం 243-క్యూ అధికరణం చెబుతోంది. గవర్నరు అంటే ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వమే. ముందుగా కలపాలన్న ఉద్దేశాన్ని ప్రకటించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, వాటిని పరిశీలించాక తుది ప్రకటన చేయాలి. పంచాయతీకి ఇక్కడ మాట చెప్పే చోటు ఉందిగాని, వీటో లేదు.

కోర్టుకు పోదామనుకునేవారు ఒక తీర్పు తెలుసుకోవాలి. మహారాష్ట్రలో ఉల్హాస్‌నగర్ ప్రాంతాన్ని కల్యాణ్ నగరపాలక సంస్థలో కలపాలని ప్రతిపాదించి, తర్వాత వదిలివేయడం గురించి నడిచిన వివాదంలో, హద్దులు మార్చడం శాసనం చేయడం వంటి పని కనుక చట్టం చెప్పిన పద్ధతికి మించి ప్రతి ఒక్కరినీ పిలిచి వినవలసిన అవసరం లేదని సుప్రీంకోర్టు 1989లో తేల్చింది. చట్టం చెప్పిన పద్ధతినే పాటించకపోతే అది వేరే మాట. కాబట్టి ప్రకటన ఏ తేదీన వెలువడింది, ఎక్కడ అంటించారు, గడువు ఎన్ని రోజులు ఇచ్చారు అన్నవి మీ దగ్గర కాగితం మీద ఉండాలి. కేసు నిలిచినా పోయినా వాటి మీదే.

మీ ఊరి భయాల్లో ఉపాధి హామీ భయం నిజమైనదే. ఆ పని గ్రామీణ కుటుంబాలకే కనుక, ఊరు పురపాలికలో వార్డుగా మారిన రోజున జాబ్‌కార్డుకు అర్థం ఉండదు. ఆడవాళ్ళ కూలిడబ్బుల మీద నడిచే ఇళ్ళకు ఇది చిన్న దెబ్బ కాదు. పన్ను పెరగడం కూడా నిజమే. బదులుగా మురుగుకాలువ, కుళాయి నీరు, చెత్త బండి వస్తాయన్నది మాట మాత్రమే. కలిసిన తొలి ఏడే అవన్నీ వచ్చిన ఊరిని నేను చూడలేదు. అందుకే ‘వద్దు’ అని మాత్రమే తీర్మానించకుండా, ఊళ్ళో ఎన్ని కుటుంబాలు వ్యవసాయం మీద, కూలి మీద బతుకుతున్నాయో ఇంటింటా లెక్క తీసి జత చేయండి. 243-క్యూ అడిగే వ్యవసాయేతర ఉపాధి శాతం మీకు అనుకూలంగా ఉంటే, అంతకన్నా బలమైన వాదన మీకు దొరకదు.

ప్రస్తుతానికి కొంత ఊరట కూడా ఉంది. 2027 జనగణన కోసం జిల్లాలు, తహసీళ్ళు, పట్టణాలు, గ్రామాల హద్దుల్లో మార్పులేవైనా ఉంటే 2025 డిసెంబరు 31 లోపు ముగించుకోమని, ఆ తర్వాత గణన పూర్తయ్యేదాకా హద్దులు కదపవద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. గణన పూర్తయ్యేలోపల మీ లెక్కలు సిద్ధం చేసుకోండి.

ప్రశ్న: మేము ఆదివాసులం కాము. రాయగడ పట్టణంలో ఒక ఆదివాసీ కుటుంబం దగ్గర స్థలం కొనాలనుకుంటున్నాము. పట్టణ పరిధిలో ఉన్న స్థలానికి ఏజెన్సీ చట్టం వర్తించదని ఒకరు, మన వన్ ఆఫ్ సెవెంటీ ఒడిశాలో లేదు కదా అని మరొకరు చెప్పారు. కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కొనకూడదు. వన్ ఆఫ్ సెవెంటీ, అంటే ఏజెన్సీ భూముల బదిలీని కట్టడి చేసే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలది, ఆ మాట నిజమే. ఒడిశాకు అలాంటిదే 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషను ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీ భూమిని ఆదివాసేతరులకు బదిలీ చేయడాన్ని అది నిషేధిస్తుంది. మొదట్లో అధికారి అనుమతితో వీలుండేది, 2002 సవరణతో ఆ దారి కూడా మూసుకుంది. దానిని సడలించాలని 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం తలపెట్టి, వ్యతిరేకత రావడంతో వెనక్కి తగ్గింది.

పట్టణమా, పల్లెటూరా అన్న తేడా ఇక్కడ పనిచేయదు. పాత అవిభక్త కొరాపుట్ జిల్లా అంతా షెడ్యూల్డు ప్రాంతమే. 1992 అక్టోబరు 2న దాని నుంచి రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి విడివడినా ఆ హోదా అలాగే ఉంది. రాయగడ పురపాలిక హద్దు ఆ పెద్ద గీత లోపల గీసిన చిన్న గీత మాత్రమే. అదే పర్లాకిమిడి పట్టణం షెడ్యూల్డు ప్రాంతం కాదు, దాని దాపునే ఉన్న గుమ్మా బ్లాకు మాత్రం షెడ్యూల్డు ప్రాంతం. అందుకే ఒకరికి చెల్లిన సలహా మైళ్ళ దూరంలోనే మరొకరికి చెల్లదు.

రెండు రాష్ట్రాల చట్టాల మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. వన్ ఆఫ్ సెవెంటీ కింద ఏజెన్సీలో ఆదివాసేతరుడు తన భూమిని మరొక ఆదివాసేతరుడికి కూడా అమ్మలేడు. ఒడిశా రెగ్యులేషను ఆపేది ఆదివాసీ చేతి నుంచి పోవడాన్ని. కనుక రాయగడలో ఆదివాసేతరుల దగ్గర స్థలం కొనడం తప్పు కాదుగాని, ఆ స్థలం వారికి ఎక్కడి నుంచి వచ్చిందో పాత పట్టాల దాకా వెనక్కి వెళ్ళి చూడాలి. మధ్యలో ఎక్కడైనా ఆదివాసీ రైతు పేరు కనిపించి, అది చేతులు మారిన తీరు చట్టబద్ధం కాదని తేలితే, ఇప్పుడు ఆ భూమి ఎవరి చేతిలో ఉన్నా వారిని తొలగించి అసలు వారసులకు తిరిగి ఇప్పించే అధికారం రెవెన్యూవారికి ఉంది. అక్కడ కట్టిన ఇల్లు, పెట్టిన ఖర్చు అడ్డం రావు.

ప్రశ్న: కొటియా పరిసరాల్లో కొండ కింద రెండెకరాలు అమ్మకానికి ఉన్నాయి. అమ్మేవారు ఆదివాసులు. అది ఆంధ్రలోని సాలూరు మండలం కిందికి వస్తుందని, అక్కడి కాగితమే చాలునని మా తమ్ముడితో అంటున్నారు. గ్రామసభ తీర్మానం చేస్తే ఊరు ఆంధ్రలో చేరుతుందట. నిజమా?
– ఒక పాఠకుడు, కొరాపుట్

జవాబు: రాష్ట్ర హద్దు గ్రామసభ చేతిలోనే కాదు, శాసనసభ చేతిలో కూడా లేదు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటే చట్టం చేయాలి. ఆ బిల్లును రాష్ట్రపతి సంబంధిత శాసనసభల అభిప్రాయానికి పంపుతారు, అంతే. హద్దు ఎక్కడుందన్న తగవైతే అది రాష్ట్రాల మధ్య దావాగా నేరుగా సుప్రీంకోర్టుకు వెళుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు తేలకుండా మిగిలిన కొటియా గ్రామాల మీద ఒడిశా 1968లో వేసిన దావా 2006లో సాంకేతిక కారణాల మీద కొట్టివేతకు గురైంది, యథాతథ స్థితి మిగిలింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా మళ్ళీ కోర్టుకు వెళ్ళింది. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్‌కార్డులు ఉండటం అక్కడ వింత కాదు.

మీ తమ్ముడి విషయంలో మాత్రం ఈ తగవు తేలేదాకా ఆగవలసిన పని లేదు. ఆ కొండ ఒడిశాది అనుకుంటే 1956 నాటి రెగ్యులేషను అడ్డుపడుతుంది. ఆంధ్రది అనుకుని, సాలూరు వైపు షెడ్యూల్డు గ్రామంగా లెక్కిస్తే వన్ ఆఫ్ సెవెంటీ అడ్డుపడుతుంది. హద్దు ఎటు జరిగినా ఆదివాసేతరుడైన మీ తమ్ముడికి ఆ రెండెకరాల మీద హక్కు రాదు. బయానా ఇంకా ఇవ్వకపోతే ఇవ్వవద్దని చెప్పండి. ఇచ్చి ఉంటే, అమ్మేవారి దగ్గర కాకుండా మధ్యవర్తి దగ్గర ఎంత ఉండిపోయిందో ముందు కనుక్కోండి.